ఓఎఫ్‌డీఎంను ఓడించే తరంగరూపం నిజంగా ఉందా? నా సిమ్యులేషన్ ఫలితాలను నేనే నమ్మలేకపోతున్నాను

చివరిసెమిస్టర్
మల్టీక్యారియర్ మాడ్యులేషన్ పద్ధతులను, అంటే డేటాను సబ్‌క్యారియర్లనే చాలా సన్నని ఫ్రీక్వెన్సీల మీద పంచి పంపే పద్ధతులను, పోల్చడం నా ప్రాజెక్టు. 4జీ, 5జీల్లో వాడే ఓఎఫ్‌డీఎం, దానికి బదులుగా ప్రతిపాదించిన ఎఫ్‌బీఎంసీ, యూఎఫ్‌ఎంసీ, జీఎఫ్‌డీఎం, ఈ నాలుగింటికీ మాట్‌ల్యాబ్‌లో కోడ్ రాశాను. మూడు వారాలుగా ఇదే పని. 64 సబ్‌క్యారియర్లు, ఒక్కోదాని మీద రెండు బిట్లు మోసే క్యూపీఎస్‌కే, 16 శాంపిళ్ల సైక్లిక్ ప్రిఫిక్స్ (ఒక విడత డేటా, అంటే సింబలు, తోకను కాపీ చేసి దాని ముందే అతికించే భాగం), నాయిస్ తప్ప మరేమీ లేని ఛానల్. బిట్ ఎర్రర్ రేటు (తప్పుగా అందే బిట్ల వాటా) గ్రాఫు గీస్తే ఎఫ్‌బీఎంసీ ఓఎఫ్‌డీఎం కంటే దాదాపు ఒక డీబీ ముందుంది, అంటే అదే ఫలితానికి అంత తక్కువ పవర్ చాలు. యూఎఫ్‌ఎంసీ రెండింటికీ మధ్యలో పడింది. జీఎఫ్‌డీఎం గీత మాత్రం ఎంత పవర్ పెంచినా కిందికి దిగదు, అడ్డంగా పడుకుని ఉంది.

చదివిన ప్రతి పేపరూ తన పద్ధతే మేలని తేలుస్తోంది. అవన్నీ అంత మేలైనవైతే 5జీలో మళ్లీ ఓఎఫ్‌డీఎమే ఎందుకు ఉంది? ఏది మెరుగో ఒక్క వాక్యంలో రాసి తెమ్మన్నారు మా గైడ్. ఆ వాక్యం నాకు కుదరడం లేదు.

సున్నాడీబీ
కాకిపిల్ల కాకికి ముద్దు. ఎవరి తరంగరూపం వాళ్లకు అందంగానే కనిపిస్తుంది. పేపరు చదివేటప్పుడు పోలిక ఎవరి మైదానంలో జరిగిందో ముందు చూడండి.

నాయిస్‌ఫ్లోర్
"దాదాపు ఒక డీబీ" అన్నారు. కచ్చితంగా ఎంత? 0.97 కాదు కదా?

చివరిసెమిస్టర్
గ్రాఫు పెద్దది చేసి చూశాను. 0.95కూ 1కీ మధ్యలో ఉంది. మీకెలా తెలిసింది?

నాయిస్‌ఫ్లోర్
మీ అంకెలే చెప్పాయి. 64 శాంపిళ్ల సింబలుకు 16 శాంపిళ్ల ప్రిఫిక్స్ తగిలిస్తే 80 అవుతుంది. 80ని 64తో భాగిస్తే 1.25. దాని లాగరిథం తీసి పదితో గుణిస్తే 0.97 డీబీ. అంటే మీరు ప్రిఫిక్స్‌కు ఖర్చయిన శక్తిని బిట్ ఖాతాలో వేశారు. వేయడం సరైనదే. కానీ మీ గ్రాఫులో కనిపిస్తున్నది ఎఫ్‌బీఎంసీ గొప్పతనం కాదు, మీరు ఎంచుకున్న ప్రిఫిక్స్ పొడవు మాత్రమే. యూఎఫ్‌ఎంసీ మధ్యలో పడిందన్నారు, ఫిల్టర్ పొడవు 13 పెట్టి ఉంటారు. తోక 12 శాంపిళ్లు, 76 బై 64, 0.75 డీబీ. చూసుకోండి.

4జీలో 2048కి 144 శాంపిళ్లే ప్రిఫిక్స్. అలా పెడితే మీ ఒక డీబీ కాస్తా 0.3 డీబీకి కుంచించుకుపోతుంది. పైగా నాయిస్ మాత్రమే ఉన్న ఛానల్‌లో ప్రిఫిక్స్‌కు అసలు పనే లేదు. అది ప్రతిధ్వనులను మింగడానికి పెట్టినది. ప్రతిధ్వనే లేని చోట దాని బరువు మోయించి, ఓఎఫ్‌డీఎం వెనకబడిందనడం న్యాయం కాదు.

చివరిసెమిస్టర్
ఫిల్టర్ పొడవు 13 నిజమే! మూడు వారాలుగా ఈ గ్రాఫును రోజూ చూస్తున్నాను, ఈ భాగహారం ఒక్కసారి కూడా చేయలేదు.

ఉపవాహకం
నాయిస్‌ఫ్లోర్ గారి లెక్కతో గొడవ లేదు. అయితే ఎఫ్‌బీఎంసీ లాభాన్ని బిట్ ఎర్రర్ రేటులో వెతకడమే పొరపాటు. అది స్పెక్ట్రంలో ఉంటుంది. ఓఎఫ్‌డీఎం సింబలు కాలంలో చతురస్రం, కాబట్టి ఫ్రీక్వెన్సీలో సింక్ ఆకారం. మొదటి సైడ్‌లోబు (పక్క శిఖరం) ముఖ్య శిఖరానికి 13 డీబీ మాత్రమే కింద ఉంటుంది, ఆ తర్వాత కూడా నింపాదిగా తగ్గుతుంది. ఎఫ్‌బీఎంసీలో ప్రతి సబ్‌క్యారియర్‌కూ విడిగా ఫిల్టర్ ఉంటుంది. ఓవర్‌ల్యాపింగ్ నాలుగుగా పెట్టుకున్న, అంటే ఒక్కో పల్సు నాలుగు సింబళ్ల పొడవున పరుచుకునే, ఫిడయాస్ అనే ఫిల్టర్‌కు మొదటి సైడ్‌లోబే 40 డీబీకి దగ్గరగా కింద ఉంటుంది. ఆ తర్వాత చూస్తే నిట్టనిలువు గోడ. ఒకటి రెండు సబ్‌క్యారియర్లు ఖాళీగా వదిలితే చాలు, పక్కవాడికి మీరు ఉన్నట్టే తెలియదు.

పాతరేడియో
ఎఫ్‌బీఎంసీని కొత్త పద్ధతిగా, ఓఎఫ్‌డీఎంను పాతదిగా రాస్తున్నారు చాలామంది. కాలక్రమం చూస్తే అది తిరగబడుతుంది. 1966లో బెల్ ల్యాబ్స్‌లో రాబర్ట్ చాంగ్ ప్రతిపాదించినది ఫిల్టర్ చేసిన సబ్‌క్యారియర్లే. 1967లో సాల్ట్జ్‌బర్గ్ దాన్ని క్యూఏఎంకు (వాస్తవ, ఊహాత్మక భాగాలు రెండిటిలోనూ డేటా మోసే మాడ్యులేషన్) విస్తరిస్తూ, వాస్తవ, ఊహాత్మక భాగాలను అర సింబలు ఎడంగా జరిపాడు. ఈనాటి ఎఫ్‌బీఎంసీ మూలం అదే. 1971లో వైన్‌స్టీన్, ఎబర్ట్ కలిసి ఈ పనంతా డిస్‌క్రీట్ ఫోరియర్ ట్రాన్స్‌ఫారంతో చేయవచ్చని చూపారు. సైక్లిక్ ప్రిఫిక్స్ వచ్చింది 1980లో, పెలెడ్, రూయిజ్‌ల చేతిలో. ఫిల్టర్లు ముందే ఉన్నాయి. వాటిని వదిలించుకునే దారి దొరికింది కాబట్టే ఓఎఫ్‌డీఎం నిలబడింది.

బేస్‌బ్యాండ్_27
పాతరేడియో గారి ఆఖరి వాక్యమే ఈ చర్చకు గుండెకాయ. ప్రిఫిక్స్ ఉంటే ఛానల్ చేసే కన్వల్యూషన్ (ప్రతిధ్వనుల కలగలుపు) వృత్తాకారం అవుతుంది, ట్రాన్స్‌ఫారం తర్వాత ప్రతి సబ్‌క్యారియర్‌కూ ఒక్క సంక్లిష్ట సంఖ్యతో భాగిస్తే సరిపోతుంది. ఎనిమిది యాంటెన్నాలు పెట్టినా సబ్‌క్యారియర్‌కు ఒక చిన్న మాత్రిక, అంతే. చిప్‌లో ఈ పని చేసేవాళ్లకు దీని విలువ తెలుసు.

రాగితీగ
ఉపవాహకం గారు చెప్పిన నిట్టనిలువు గోడ గురించి. నేను రేడియో హార్డ్‌వేర్ వైపు పనిచేస్తాను. ఒకసారి ఈ రెండు సంకేతాలనూ ఒకే జనరేటర్ నుంచి, ఒకే పవర్ ఆంప్లిఫయర్ గుండా పంపి, స్పెక్ట్రం ఎనలైజర్ మీద ఒకదాని మీద ఒకటి వేసి చూశాం. డ్రైవ్ బాగా తగ్గించి ఉంచినప్పుడు తెర మీద మీరు చెప్పినట్టే ఉంది. పసుపు గీత ఓఎఫ్‌డీఎం, భుజాలు వాలుగా జారుతున్నాయి. నీలం గీత ఎఫ్‌బీఎంసీ, అంచు దగ్గర కత్తితో కోసినట్టు పడిపోయింది.

అప్పుడు నాబ్ మెల్లగా తిప్పుతూ డ్రైవ్ పెంచాం. పసుపు గీత కొద్దిగా కదిలింది. నీలం గీత అడుగు మాత్రం పొంగే పాలలా లేచింది. ఆంప్లిఫయర్ తన పూర్తి సామర్థ్యానికి దగ్గరయ్యేసరికి రెండు భుజాలూ కలిసిపోయి, ఏది ఏదో రంగు చూసి చెప్పాల్సి వచ్చింది. ఫిల్టర్ తీసేసిన మురికినంతా ఆంప్లిఫయర్ వంకరతనం తిరిగి తెచ్చి పోసింది. పక్క ఛానల్‌లోకి లీకేజీ గ్రాఫు గీసేవాళ్లు ఆంప్లిఫయర్ మోడల్ పెట్టకపోతే ఆ గ్రాఫు సగమే నిజం.

సున్నాడీబీ
పొంగే పాలు! ఇక ఎనలైజర్ చూసినప్పుడల్లా పొయ్యి కట్టేయాలనిపిస్తుంది.

మాత్రిక
రాగితీగ గారి అనుభవానికి కారణం సులువు. చాలా సబ్‌క్యారియర్లు కలిస్తే మొత్తం అప్పుడప్పుడూ పెద్ద శిఖరాలు లేచే గాసియన్ నాయిస్‌లా ప్రవర్తిస్తుంది, ఫిల్టర్ ఉన్నా లేకపోయినా. శిఖరానికీ సగటుకూ నిష్పత్తి, వెయ్యి సింబళ్లలో ఒకటి దాటే హద్దుగా లెక్కిస్తే, 64 సబ్‌క్యారియర్లకు 10.4 డీబీ, 1024కు 11.4 డీబీ వస్తుంది. పదహారు రెట్లు పెంచితే పెరిగింది ఒక్క డీబీయే, కానీ ఆ మొదటి పది డీబీలే భారం. ఈ జబ్బు ఎఫ్‌బీఎంసీకీ, యూఎఫ్‌ఎంసీకీ, మామూలుగా వాడే జీఎఫ్‌డీఎంకూ ఉంది. 4జీ అప్‌లింక్‌లో (ఫోను నుంచి టవరుకు) ముందు డీఎఫ్‌టీ, అంటే డిస్‌క్రీట్ ఫోరియర్ ట్రాన్స్‌ఫారం, వేసి తర్వాత ఓఎఫ్‌డీఎం వేయడానికి కారణం ఇదే. ఫోను బ్యాటరీ ఆ శిఖరాలను మోయలేదు. 5జీ అప్‌లింక్‌లో కూడా ఆ దారిని ఉంచారు.

ఉపవాహకం
ఆంప్లిఫయర్ విషయం ఒప్పుకుంటాను. ప్రీడిస్టార్షన్ (ఆంప్లిఫయర్ వంకరకు ముందే ఎదురు వంకర పెట్టడం) ఉంటే కథ కొంత మారుతుంది, అయినా సరే. కానీ ప్రిఫిక్స్ లేకపోవడం వల్ల మిగిలే సమయం సంగతి? ఎఫ్‌బీఎంసీ ఆ మేరకు ఎక్కువ డేటా పంపగలదు. అది ఏ ఆంప్లిఫయరూ లాక్కోలేని లాభం.

నాయిస్‌ఫ్లోర్
ఆ లాభాన్ని ఫ్రేము పొడవు లాక్కుంటుంది. 4జీలో 1 మిల్లీసెకను సబ్‌ఫ్రేములో 14 సింబళ్లు ఉంటాయి. సబ్‌క్యారియర్ల మధ్య 15 కిలోహెర్ట్జ్ ఎడం కాబట్టి ఒక్కో సింబలుకు పనికొచ్చే భాగం 66.67 మైక్రోసెకన్లు. అంటే మొత్తం వ్యవధి సరిగ్గా 15 సింబళ్లంత. 14 పంపడానికి 15 ఖర్చు.

ఇప్పుడు ఎఫ్‌బీఎంసీలో, ఓవర్‌ల్యాపింగ్ 4తో, అదే 14 సింబళ్లు పంపండి. ఫిల్టర్ ముందు వెనక తోకలతో కలిపి 14 + 4 − 0.5, అంటే 17.5 సింబళ్ల వ్యవధి పడుతుంది. 14 పంపడానికి 17.5. తోకలు కత్తిరించవచ్చు, కానీ కత్తిరించిన చోటల్లా మీ నిట్టనిలువు గోడకు బీటలు పడతాయి.

ఉపవాహకం
పొట్టి బర్స్టులకు అది నిజం. 280 సింబళ్లు ఏకధాటిగా పంపితే? ఓఎఫ్‌డీఎంకు 300, ఎఫ్‌బీఎంసీకి 283.5. నిరంతరం ప్రసారమయ్యే చోట ఎఫ్‌బీఎంసీదే పైచేయి. నేను వాదిస్తున్నది అలాంటి చోట్ల గురించే, ఫోను గురించి కాదు.

నాయిస్‌ఫ్లోర్
అది ఒప్పుకుంటాను. ఈ రెండు అంకెల జతలూ పక్కపక్కనే ప్రాజెక్టులో పెట్టాలి, చివరిసెమిస్టర్ గారూ. ఒకటి పెట్టి ఒకటి వదిలేస్తే మళ్లీ ఎవరో ఒకరి పక్షం వహించినట్టే.

చివరిసెమిస్టర్
రాసుకున్నాను. ఒక సందేహం. ఎఫ్‌బీఎంసీకి మైమోతో, అంటే ఒకటికి మించి యాంటెన్నాలు వాడడంతో, పడదని అన్ని చోట్లా ఒక వాక్యం రాసి వదిలేస్తారు. ఎందుకు పడదు? కోడ్‌లో ఒక్క యాంటెన్నాతో బాగానే పనిచేసింది.

మాత్రిక
దీనికి వేరు లోతుగా ఉంది, కాస్త ఓపికగా చదవండి. మనం మూడు కోరికలు కోరతాం. ఒకటి, సబ్‌క్యారియర్లు సంక్లిష్ట సంఖ్యల్లో పూర్తిగా ఆర్థోగోనల్‌గా, అంటే ఒకదానిలోకి ఒకటి చొరబడకుండా, ఉండాలి. రెండు, కాలం, ఫ్రీక్వెన్సీల గళ్లలో ఒక్క గడి కూడా వృథా కాకూడదు. మూడు, పల్సు కాలంలోనూ ఫ్రీక్వెన్సీలోనూ ఒదిగి ఉండాలి. ఈ మూడూ ఒకేసారి కుదరవని బాలియన్–లో సిద్ధాంతం చెబుతుంది. ఇంకా ఎవరూ కనిపెట్టలేదని కాదు, అసాధ్యమని గణితం తేల్చేసింది.

ఇక ఒక్కో పద్ధతీ ఏ కోరిక వదులుకుందో చూడండి. ప్రిఫిక్స్ ఉన్న ఓఎఫ్‌డీఎం కొన్ని గళ్లు వృథా చేసింది, ఫ్రీక్వెన్సీలో ఒదుగునూ వదులుకుంది. జీఎఫ్‌డీఎం ఆర్థోగోనాలిటీనే వదిలేసి, ఆ చిక్కును రిసీవరు విప్పుకోవాలంది. ఎఫ్‌బీఎంసీ తెలివిగా మధ్యేమార్గం వెతికింది. ఆర్థోగోనాలిటీని వాస్తవ భాగానికే పరిమితం చేసింది. పక్క గళ్ల నుంచి వచ్చే చొరబాటు మొత్తం ఊహాత్మక భాగంలోకి పోతుంది, రిసీవరు వాస్తవ భాగం తీసుకుని మిగతాది పారేస్తుంది.

ఒక్క యాంటెన్నా ఉన్నప్పుడు ఛానల్ ఫేజును సరిచేశాక ఆ పారేయడం సాఫీగా జరుగుతుంది. అందుకే మీ కోడ్ పనిచేసింది. రెండు యాంటెన్నాల నుంచి పంపే అలమౌటీ కోడింగు పెట్టి చూడండి. రెండు యాంటెన్నాల సంకేతాలు రెండు వేర్వేరు ఫేజులతో వచ్చి కలుస్తాయి. ఒకదాన్ని సరిచేస్తే రెండోదాని ఊహాత్మక చొరబాటు వాస్తవ భాగంలోకి దిగుతుంది. పారేయాల్సిన చెత్తా, ఉంచుకోవాల్సిన డేటా కలిసిపోతాయి. పైలట్లతో (రిసీవరుకు ముందే తెలిసిన సింబళ్లతో) ఛానల్‌ను అంచనా వేయడంలోనూ ఇదే చిక్కు, అందుకే సహాయక పైలట్లు అనీ మరొకటనీ అదనపు ఏర్పాట్లు చేస్తారు.

చివరిసెమిస్టర్
ఈ ఒక్క పోస్టు ముందే చదివి ఉంటే నెల రోజులు మిగిలేవి. "ఏది ఏం వదులుకుంది" అన్న వరుసలో నా రెండో అధ్యాయం మొత్తం తిరగరాస్తాను.

డాప్లర్‌దొర
ఇంతసేపూ ఎవరూ కదలలేదు! వేగం గురించి ఒక్కరూ మాట్లాడలేదు. గంటకు 500 కిలోమీటర్ల రైలు, 3.5 గిగాహెర్ట్జ్. డాప్లర్ (వేగం వల్ల ఫ్రీక్వెన్సీ జరగడం) గరిష్ఠంగా 1.62 కిలోహెర్ట్జ్. 15 కిలోహెర్ట్జ్ ఎడంలో అది 10.8 శాతం. నలుదిక్కుల నుంచీ ప్రతిధ్వనులు వచ్చే పరిస్థితిలో పక్క సబ్‌క్యారియర్ల నుంచి కలిసే చొరబాటు సంకేతానికి సుమారు 17 డీబీ కింద ఉంటుంది. క్యూపీఎస్‌కే బతుకుతుంది, 64 క్యూఏఎం బతకదు. మీరు పోల్చిన నాలుగింటిలో ఒక్కటీ ఈ సమస్య కోసం పుట్టలేదు. దీని కోసం పుట్టింది ఓటీఎఫ్‌ఎస్ అనే మరో పద్ధతి. 2017లో హదానీ బృందం పేపరు చూడండి. సింబళ్లను డిలే (ప్రతిధ్వని ఆలస్యం), డాప్లర్ గళ్లలో పెడతారు. ప్రతి సింబలూ ఫ్రేము మొత్తం మీద పరుచుకుంటుంది, కాబట్టి అన్నిటికీ దాదాపు ఒకే ఛానల్ అనుభవమవుతుంది.

సున్నాడీబీ
డాప్లర్‌దొర గారు రానిదే ఈ చర్చ నిండదని ఎదురుచూస్తున్నాను. రైలు ఎక్కే వచ్చారు.

బేస్‌బ్యాండ్_27
దొర గారూ, ఎడం 30 కిలోహెర్ట్జ్ చేస్తే అదే డాప్లర్ 5.4 శాతం, చొరబాటు 23 డీబీ కిందికి పోతుంది. 5జీలో 15, 30, 60, 120 అని ఎడాలు పెట్టింది ఇందుకు కూడా. ప్రిఫిక్స్ 4.69 నుంచి 2.34 మైక్రోసెకన్లకు తగ్గుతుంది, నిజమే. అంటే దారుల మధ్య 1.4 కిలోమీటర్ల తేడా తట్టుకునేది 700 మీటర్లకు దిగుతుంది. చాలా సెల్‌లకు అది సరిపోతుంది.

డాప్లర్‌దొర
డిలే పెద్దది, డాప్లర్ పెద్దది, రెండూ కలిసి వస్తే? పొడవైన ప్రతిధ్వనులున్న కొండల మధ్య రైలు వెళ్తుంటే? ఎడం పెంచితే ప్రిఫిక్స్ చాలదు, తగ్గిస్తే డాప్లర్ కొడుతుంది. అడకత్తెరలో పోకచెక్క. ఓటీఎఫ్‌ఎస్ అవసరం అక్కడ.

మాత్రిక
సమస్య నిజమైనదే. పరిష్కారానికీ ఖరీదు రాయండి మరి. 1 మిల్లీసెకను ఫ్రేములో డాప్లర్ గడి వెడల్పు 1 కిలోహెర్ట్జ్. మీ రైలు డాప్లర్ 1.62. గడి మధ్యలో పడదు, రెండు గళ్ల మీదా పరుచుకుంటుంది, ఛానల్ మీరన్నంత పలుచగా కనిపించదు. గడి సన్నం చేయాలంటే ఫ్రేము పొడవు పెంచాలి, అప్పుడు ఆలస్యం పెరుగుతుంది. డిటెక్షన్ కూడా మొత్తం ఫ్రేముకు ఒకేసారి చేయాలి, సబ్‌క్యారియర్‌కు ఒక భాగహారంతో అయ్యే పని కాదు.

డాప్లర్‌దొర
ఆలస్యం మాట ఒప్పుకోక తప్పదు. అయితే ఓటీఎఫ్‌ఎస్‌ను ఓఎఫ్‌డీఎం ముందు వేసే ఒక ట్రాన్స్‌ఫారంగా కూడా కట్టవచ్చు. ఉన్న హార్డ్‌వేర్ పారేయనక్కరలేదు. కాబట్టి దీన్ని ఓఎఫ్‌డీఎంకు శత్రువుగా కాక పైపొరగా చూడమంటాను.

పాతరేడియో
చివరిసెమిస్టర్ గారి అసలు ప్రశ్న, 5జీలో మళ్లీ ఓఎఫ్‌డీఎం ఎందుకు అన్నది, ఇంకా మిగిలే ఉంది. 2016లో మొబైల్ ప్రమాణాలు నిర్ణయించే 3జీపీపీలో ఈ తరంగరూపాలన్నీ బల్ల మీదికి వచ్చాయి. ఓఎఫ్‌డీఎం ఉంచి, ఫిల్టరో విండోనో ఎవరికి కావలసింది వాళ్లు వేసుకోవచ్చని, ఆ సంగతి అవతలి రిసీవరుకు తెలియాల్సిన అవసరం ఉండకూడదని తేల్చారు. దాని ఫలం అంకెల్లో చూడండి. 4జీలో 20 మెగాహెర్ట్జ్ ఛానల్‌లో 18 వాడేవారు, 90 శాతం. 5జీలో 100 మెగాహెర్ట్జ్ ఛానల్‌లో 30 కిలోహెర్ట్జ్ ఎడంతో 3276 సబ్‌క్యారియర్లు, 98.28 మెగాహెర్ట్జ్. ఎఫ్‌బీఎంసీ ఇస్తానన్న అంచు లాభంలో పెద్ద భాగం ఓఎఫ్‌డీఎం గుమ్మం దాటకుండానే రాబట్టుకుంది.

ఉపవాహకం
అది పెద్ద మాటే, కాదనను. అయినా ఒక చోటు నాకు వదలండి. అప్‌లింక్‌లో సమయం కుదుర్చుకోని పరికరాలు. రోజుకు నాలుగు బైట్లు పంపే సెన్సరు నెట్‌వర్క్‌తో సమయం సరిచూసుకోవడానికే డేటా కంటే ఎక్కువ మాట్లాడాల్సి వస్తుంది. సరిచూసుకోకుండా పంపితే ఓఎఫ్‌డీఎంలో ప్రిఫిక్స్ దాటిన ప్రతి మైక్రోసెకనూ పక్క బ్యాండు వాడి మీద చిమ్ముతుంది. యూఎఫ్‌ఎంసీ, ఎఫ్‌బీఎంసీ అక్కడ ఒక సబ్‌క్యారియర్ ఖాళీతో నెగ్గుకొస్తాయి. చివరిసెమిస్టర్ గారు ఈ పరిస్థితి సిమ్యులేట్ చేస్తే గీతలు నిజంగా విడిపోతాయి.

రాగితీగ
ఇందులో నేనూ ఉపవాహకం గారి వైపే. సెన్సరు ఆంప్లిఫయర్‌ను సరిపడా తగ్గించి నడుపుతారన్న షరతు మీద.

చివరిసెమిస్టర్
రెండు రోజులు పట్టింది. ప్రిఫిక్స్‌ను 2048కి 144 నిష్పత్తికి దగ్గరగా మార్చాను, నాయిస్ ఛానల్‌లో తేడా 0.3 డీబీకి వచ్చింది, నాయిస్‌ఫ్లోర్ గారు చెప్పినట్టే. తర్వాత ఇద్దరు వాడుకదారులను పక్కపక్క బ్యాండుల్లో పెట్టి, రెండోవాడిని ప్రిఫిక్స్ పొడవుకు రెండింతలు ఆలస్యం చేశాను. ఓఎఫ్‌డీఎంలో అంచు సబ్‌క్యారియర్లు బాగా దెబ్బతిన్నాయి. యూఎఫ్‌ఎంసీ చాలా మేలు. ఎఫ్‌బీఎంసీకి ఒక సబ్‌క్యారియర్ ఖాళీ వదిలితే ఆలస్యం ఉన్నట్టే లేదు. మొదటిసారి గీతలు ఎందుకు విడిపోయాయో నాకు తెలిసి విడిపోయాయి.

జీఎఫ్‌డీఎం మాత్రం ఇంకా అలాగే పడుకుని ఉంది. 64 సబ్‌క్యారియర్లు, 8 సబ్‌సింబళ్లు, రూట్ రైజ్డ్ కొసైన్ ఫిల్టర్, జీరో ఫోర్సింగ్ (మాడ్యులేషన్ మాత్రిక విలోమంతో సంకేతాన్ని విప్పే) రిసీవరు.

మాత్రిక
64 సరి సంఖ్య, 8 కూడా సరి సంఖ్య. ఇలాంటి సౌష్ఠవమైన ఫిల్టర్‌తో రెండూ సరి సంఖ్యలైతే మాడ్యులేషన్ మాత్రిక సింగ్యులర్ అవుతుంది. లేని విలోమాన్ని మీరు లెక్కించమంటున్నారు. మాట్‌ల్యాబ్ హెచ్చరిక ఇచ్చే ఉంటుంది. సబ్‌సింబళ్లు 7 చేయండి.

చివరిసెమిస్టర్
నారింజ రంగు హెచ్చరిక ప్రతిసారీ వస్తూనే ఉంది, పట్టించుకోలేదు. 7 పెట్టి నడిపాను. గీత దిగింది! ఓఎఫ్‌డీఎం కంటే కొద్దిగా కుడివైపు ఉంది, జీరో ఫోర్సింగ్ నాయిస్‌ను పెంచడం వల్లేనా?

మాత్రిక
అవును. ఫిల్టర్ రోల్ ఆఫ్ (అంచు వాలు వెడల్పు) తగ్గించి చూడండి, ఎడమకు జరుగుతుంది.

రాగితీగ
ఆంప్లిఫయర్‌కు రాప్ మోడల్ చాలు. బ్యాకాఫ్ (పూర్తి సామర్థ్యానికి ఎంత కింద నడుపుతున్నామో) 3, 6, 9 డీబీలకు పక్క బ్యాండు లీకేజీ గీసి పెట్టండి, భుజాలు ఎక్కడ కలుస్తాయో చూద్దాం.

చివరిసెమిస్టర్
9తో మొదలుపెట్టాను, నడుస్తోంది. గైడ్‌తో మాట్లాడాను. ఒక్క వాక్యం బదులు, ఒక్కో పద్ధతి ఏం వదులుకుందో చూపే ఒక పేజీ పట్టిక ఇస్తానన్నాను, ఒప్పుకున్నారు.